మాస్టారి జవాబులు: గంజాయి తాగినవాణ్ని ఆట నుంచి తీసెయ్యాలా?

సంక్రాంతి కబడ్డీ పోటీలు అయ్యాక ఏటా నాకు వచ్చే ఉత్తరాలన్నీ మోకాళ్ల మీదే ఉంటాయి. ఈ ఏడు మోకాళ్లు వెనకబడ్డాయి. వచ్చినవాటిలో సగానికి పైగా గంజాయి మీదే. అందుకని ఈసారి జవాబులన్నీ దానికే. మోకాళ్లవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. రెండెకరాల రొయ్యల చెరువు, కొద్దిగా కొబ్బరితోట. మా రెండోవాడు డిగ్రీ రెండో సంవత్సరం. కబడ్డీలో రైడర్, జిల్లా జట్టుకి ఆడాడు. కనుమ నాడు కప్పు గెలిచిన రాత్రి మా చెరువు గట్టు మీద, మోటారు షెడ్డు వెనకాల నలుగురు కుర్రాళ్లు గంజాయి సిగరెట్ తాగుతుంటే కాపలా మనిషి చూశాడు. అందులో మావాడూ ఉన్నాడు. మొదటిసారి అంటున్నాడు. జట్టు పెట్టిన పెద్దలు వీణ్ని జన్మలో కబడ్డీ కోర్టులోకి రానివ్వం అంటున్నారు. వచ్చే నెల రాష్ట్ర జట్టు ఎంపిక ఉంది. అసలు గంజాయి తాగితే ఆటలో బలం వస్తుందా? రానప్పుడు నిషేధం దేనికి? అమెరికాలో ఒక పరుగుల అమ్మాయిని ఇందుకే ఒలింపిక్స్‌కి వెళ్లనివ్వలేదట. ఎన్ని రోజులు ఆగితే టెస్టులో కనబడదో కూడా చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఒక తండ్రి, రాజోలు మండలం.

జవాబు: మీ చివరి ప్రశ్న ముందు తీసుకుంటానండి. ఎన్ని రోజులు ఆగాలో నేను చెప్పను. ఎవరైనా చెబితే మీరు నమ్మకండి. గంజాయిలో మత్తిచ్చే పదార్థాన్ని టీహెచ్‌సీ అంటారు. అది కొవ్వులో కరిగే రకం. ఒంట్లో కొవ్వుని పట్టుకుని కూర్చుని మెల్లగా దిగుతుంది. ఒకసారి తాగినవాడికి కొద్ది రోజుల్లో పోవచ్చు, రోజూ తాగేవాడికి వారాల తరబడి మూత్రంలో ఆనవాలు కనబడుతూనే ఉంటుంది. నిమ్మరసం, మజ్జిగ, కొబ్బరినీళ్లు పట్టించమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. కొబ్బరినీళ్లకి మనకి కొదవ లేదు, తాగనివ్వండి. శాంపిల్‌ని మాత్రం అవి కడగవు.

ఇంకో ముక్క కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. శాంపిల్ అడిగితే కడుపునొప్పి అని బస్సెక్కి వచ్చెయ్యమని కొందరు సీనియర్లు పిల్లలకి నూరిపోస్తున్నారు. అంత తెలివితక్కువ పని లేదు. ఇవ్వకుండా తప్పించుకుంటే అదే ఒక నేరం, నాలుగేళ్ల దాకా నిషేధం పడుతుంది. పిలిస్తే మీవాడు వెళ్లాలి. ఒక మనిషి పక్కనే ఉంటాడు, వాడి కళ్ల ముందే మూత్రం పట్టి ఇవ్వాలి, కనీసం 90 మిల్లీలీటర్లు. దాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. పల్లెటూరి పిల్లలకి సిగ్గుతో సగం ప్రాణం పోతుంది. ముందే చెప్పి పంపితే ఆ భయం ఉండదు.

ఇక నిషేధం సంగతి. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థని అందరూ వాడా అంటారు. మన దేశంలో ఆ పని చూసేది నాడా. 2022లో దీని కోసం పార్లమెంటు ఒక చట్టం కూడా చేసింది. వాడా జాబితాలో గంజాయి ఉన్న మాట నిజమే, కాకపోతే పోటీ సమయంలో మాత్రమే నిషిద్ధం. పోటీ సమయం అంటే ముందు రోజు రాత్రి 11:59 నుంచి, ఆట ముగిసి శాంపిల్ తీసుకునే దాకా. కండలు పెంచే స్టెరాయిడ్‌కి ఈ వెసులుబాటు లేదు, ఏడాదిలో ఏ రోజు దొరికినా తప్పే. గంజాయికి ఒక హద్దు కూడా పెట్టారు. మిల్లీలీటరు మూత్రంలో 150 నానోగ్రాములు దాటితేనే లెక్కలోకి వస్తుంది. 2013కి ముందు ఆ హద్దు 15 ఉండేది. ఎప్పుడో వారం కిందట తాగినవాడి జోలికి పోకుండా, ఆట రోజున తాగి వచ్చినవాణ్ని పట్టుకోవాలని పదింతలు పెంచారు.

2021లో ఇంకో మెట్టు దిగారు. పోటీకి బయట తాగాను, ఆటకీ దానికీ సంబంధం లేదు అని ఆటగాడు చూపించగలిగితే శిక్ష మూడు నెలలు. చికిత్సకి ఒప్పుకుని అది పూర్తి చేస్తే ఒక్క నెల. అంతకుముందు ఇదే పనికి రెండేళ్ల దాకా పోయేది. పోటీ సమయంలోనే తాగినట్టు తేలితే మాత్రం ఇప్పటికీ సంవత్సరాల్లోకి వెళ్తుంది. మీవాడు తాగింది కప్పు అందుకున్నాక, రాత్రి. ప్రపంచానికంతటికీ రూలు రాసేవాళ్లు నెల, మూడు నెలలు అంటున్న చోట మీ ఊరి పెద్దలు జన్మంతా అంటున్నారు. వాళ్లకి ఈ రూలు అయినా చదివి వినిపించండి.

మీరు అన్న పరుగుల అమ్మాయి పేరు షకారీ రిచర్డ్‌సన్. 2021 జూన్‌లో ఓరెగన్ రాష్ట్రంలోని యూజీన్‌లో అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీలు జరిగాయి. 100 మీటర్లు 10.86 సెకన్లలో గెలిచింది. తర్వాత శాంపిల్‌లో గంజాయి బయటపడింది. ఆ రాష్ట్రంలో పెద్దవాళ్లు గంజాయి తాగడం చట్టప్రకారం తప్పు కాదు. కన్నతల్లి చనిపోయిందన్న కబురు ఆ పిల్లకి ఇంటర్వ్యూ చేస్తున్న విలేకరి నోటి నుంచి తెలిసిందట. ఆ బాధలో తాగానని టీవీలో దాచకుండా చెప్పింది. శిక్ష ఒక్క నెలే పడింది. టోక్యోలో 100 మీటర్ల పరుగు మొదలయ్యే నాటికి ఆ నెల అయిపోయింది కూడా! అయినా వెళ్లలేకపోయింది, ఎందుకంటే ఎంపిక పోటీలో గెలిచిన ఫలితాన్నే కొట్టేశారు. రెండేళ్లు తిరిగేసరికి బుడాపెస్ట్‌లో ఆ చివర తొమ్మిదో లేన్‌లోంచి పరుగెత్తి 10.65తో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లలో రజతం, రిలేలో స్వర్ణం.

బలం వస్తుందా అంటే, రాదు. గుండె వేగం పెరుగుతుంది, కంటికి కనబడింది కాలికి చేరేసరికి ఆలస్యం అవుతుంది. రైడర్‌కి ఉండేదే 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో అవతలి జట్టులో మూల కాచే కార్నర్‌వాడి భుజం కదిలిందా లేదా అన్నది కనిపెట్టలేనివాడు కూతకెళ్లి ఏం చేస్తాడు? అయితే ఒక మందుని జాబితాలో పెట్టడానికి వాడా మూడు కొలతలు చూస్తుంది. ఆటలో లాభం ఇస్తుందా, ఆరోగ్యానికి చేటా, క్రీడాస్ఫూర్తికి విరుద్ధమా. మూడింట్లో రెండు ఉంటే చాలు. గంజాయిని తీసెయ్యమని షకారీ గొడవ తర్వాత అడిగారు, వాళ్లు మళ్లీ కూర్చుని చూసి 2022లో ఉంచాలనే నిర్ణయించారు. నాకు ఆ మూడో కొలతతోనే పేచీ. మొదటి రెండూ డాక్టరు చూసి చెప్పగలడు. క్రీడాస్ఫూర్తిని ఏ రాయి వేసి తూస్తారు?

అలాగని మత్తులో ఉన్నవాణ్ని ఆడనివ్వమని నేను అనడం లేదు. ఆడనివ్వకూడదు, ఇందులో నాకు రెండో మాట లేదు. కాలు పట్టు పట్టినవాడు విజిల్ పడ్డాక ఒక్క క్షణం ఆలస్యంగా వదిలితే అవతలివాడి మోకాలు పోతుంది. ఆ పిల్లవాడు ఏ గంజాయీ తాగలేదు కదా. ఆ రోజుకి కూర్చోబెట్టు, కప్పు పోతే పోనీ, కావాలంటే నెల రోజులు ఆపు. అక్కడితో ఆపెయ్యాలి. ఎందుకంటున్నానో చెబుతాను.

నేను 31 ఏళ్లు పీఈటీగా చేశాను. 1996లో ముమ్మిడివరం వైపు ఒక హైస్కూల్లో ఉన్నాను. నవంబరు 6 రాత్రి తుపాను ఈ పక్కవాళ్లెవరూ మర్చిపోలేరు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు తోటలుగా నేల మీద పడుకుని ఉన్నాయి. స్కూలు తెరవడానికే రోజులు పట్టింది. డిసెంబరులో జోనల్ పోటీలకి జట్టు రాసుకుంటున్నాను. నా జట్టులో పదో తరగతి కుర్రాడు ఒకడు ఉండేవాడు. అప్పుడు మేం చెడుగుడు అనే అనేవాళ్లం. కూతకెళ్తే ఇద్దర్ని తాకకుండా వెనక్కి వచ్చేవాడు కాదు. ఒక సాయంత్రం వాడి చొక్కా దగ్గర గంజాయి కంపు కొట్టింది. ఏరా అన్నాను. తలొంచుకున్నాడు. జట్టు కాయితం మీద వాడి పేరు అందరి ముందు ఎర్రసిరాతో కొట్టేశాను. నా గ్రౌండులో అడుగుపెట్టకు అన్నాను. హెడ్మాస్టరు గారు నన్ను మెచ్చుకున్నారు కూడా. వాళ్ల నాన్న తుపాను నాడు వేటకెళ్లిన పడవలో ఉన్నాడని, మనిషి దొరకలేదని నాకు తెలిసింది ఫిబ్రవరిలో. అప్పటికి వాడు బడి మానేసి రెండు నెలలు. నేను వాళ్ల ఇంటికి వెళ్లాను, లేదనను. వాళ్లమ్మ మంచం వాల్చి కూర్చోమంది. వాడు రాలేదు.

నాలుగేళ్ల కిందట సఖినేటిపల్లి రేవులో నరసాపురం వెళ్లే పంటు ఎక్కాను. స్కూటర్లు ఇరుక్కుని నిలబడ్డాయి. ఒకతను నా బండి హ్యాండిల్ పట్టుకుని పక్కకి జరిపి, "ఇలా పెట్టుకోండి మాస్టారూ" అన్నాడు. వాడే. జుట్టు నెరిసింది. పడవల మీద పనికెళ్తున్నాడట. బాగున్నావా అన్నాను. బాగున్నానండి అన్నాడు. అవతలి ఒడ్డు వచ్చేదాకా ఇద్దరం గోదారి చూస్తూ నిలబడ్డాం. కబడ్డీ ఊసు నేనూ ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు.

మీ అబ్బాయి విషయానికి వద్దాం. గంజాయి ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు తాగాడో, ఎన్నిసార్లో కొట్టకుండా అడగండి. మొదటిసారే అయితే మీ ఇంట్లోనే సర్దుకుంటుంది. అలవాటైతే 14446కి ఫోన్ చెయ్యండి, అది మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్, డబ్బు పడదు. ఆట వేరు, చట్టం వేరు అన్నది కూడా వాడికి తెలియాలి. నాడా నెలతో వదిలినా పోలీసులు వదలరు. గంజాయి తాగితే ఆరు నెలల దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. జేబులో దొరికితే కేసు ఇంకా బరువు. చికిత్సకి తనంతట తాను ఒప్పుకున్న బానిసకి ఆ చట్టంలోనే ఒక రక్షణ ఉంది, లాయర్ని అడిగితే చెబుతాడు. జట్టువాళ్లు రానివ్వకపోయినా పొద్దున్నే ప్రాక్టీసు మాత్రం ఆపకండి. మీ పక్క ఊరి జట్టుతోనైనా చేయించండి.

ప్రశ్న: నేను యూనివర్సిటీ వాలీబాల్ జట్టులో ఆడతాను సార్. పోటీలకి వారణాసి వెళ్తున్నాం. అక్కడ భంగు లస్సీ ప్రభుత్వ లైసెన్సు ఉన్న షాపుల్లోనే అమ్ముతారట. లీగల్ కాబట్టి పర్వాలేదని ఫ్రెండ్స్ అంటున్నారు. ఒక పాఠకురాలు, పాలకొల్లు.

జవాబు: షాపు లీగలేనమ్మా. మన మత్తుపదార్థాల చట్టం 1985లో వచ్చింది. అందులో గంజాయి అంటే పూతకొమ్మ. కొమ్మ లేకుండా ఉత్త ఆకు, గింజ అయితే ఆ నిర్వచనంలోకి రావు. భంగు ఆకుతో చేస్తారు కాబట్టి అక్కడ లైసెన్సు ఇచ్చి అమ్మిస్తున్నారు. ఆకులోనూ టీహెచ్‌సీ ఉంటుంది. ల్యాబులో మిషనుకి ఆకు, కొమ్మ తేడా తెలియదు, షాపు లైసెన్సు అసలే తెలియదు. అందుకని శివుడికి దణ్ణం పెట్టుకుని మామూలు లస్సీ తాగిరా. అక్కడ మట్టి ముంతలో మీగడ వేసి ఇస్తారు, దానికే మత్తెక్కుతుంది.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఆయుర్వేదంలో విజయ అంటే ఈ ఆకే. జీర్ణానికి వాడే జాతీఫలాది చూర్ణంలో కూడా ఇది కలుస్తుంది. అమ్మమ్మ డబ్బాలో పెట్టి ఇచ్చింది కదా అని చూర్ణాలు, లేహ్యాలు మింగకు. నూనెల పేరుతో ఆన్‌లైన్లో అమ్మేవాటిదీ అదే కథ. అందులో సీబీడీ అనే పదార్థాన్ని 2018లో వాడా జాబితా నుంచి తీసేసిన మాట నిజం. కానీ సీసాలో దాంతోపాటు టీహెచ్‌సీ ఎంత ఉందో సీసా మీద అట్ట చెప్పినంత మాత్రాన నమ్మలేం. ఏ మందైనా జట్టు డాక్టరుకి చూపించాకే.

ప్రశ్న: అమెరికాలో గంజాయిని ఆటల నిషేధం నుంచి తీసేస్తున్నారని చదివాను. మనమూ ఆ దారి పడితే కుర్రకారు ఏమైపోతారు? ఆటగాడు పదిమందికి ఆదర్శం. ఒక్కసారి దొరికినా కెరీర్ ముగించాలని నా అభిప్రాయం. రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, భీమవరం.

జవాబు: చదివింది నిజమేనండి. బేస్‌బాల్ లీగు 2019లో, బాస్కెట్‌బాల్ ఎన్‌బీఏ 2023లో, కాలేజీ క్రీడల సంఘం పైస్థాయి పోటీలకి 2024లో తీసేశాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో దుకాణం పెట్టి అమ్ముతున్నారు, ఇక్కడ పాడేరు కొండల నుంచి దిగే సరుకుని పోలీసులు చెక్‌పోస్టుల్లో పట్టుకుంటున్నారు. వాళ్లు తీశారని మనం తియ్యాలని నేను అనను.

ఆదర్శం మాటకి వస్తే, ఒక్కటి అడుగుతాను. మద్యం 2018 నుంచి వాడా జాబితాలోనే లేదు. అంతకుముందు కూడా విలువిద్య, మోటారు పందేల్లాంటి కొన్ని ఆటలకే ఉండేది. కప్పు గెలిచిన రాత్రి మా కుర్రాళ్లకి సీసాలు ఇప్పించే పెద్దమనుషులు నాకు డజను మంది తెలుసు. వాళ్లలో ఒక్కరు కూడా "మందు తాగాడు, కెరీర్ ముగించండి" అనరు.

మీరు క్రికెట్ చూసే తరం కాబట్టి ఇంగ్లండ్ ఆటగాడు బోథమ్ గుర్తుండే ఉంటాడు. 1986లో గంజాయి తాగానని పేపర్లో ఒప్పుకున్నాడు. రెండు నెలలు ఆపారు. తిరిగొచ్చి ఆగస్టులో ఓవల్‌లో న్యూజిలాండ్ మీద వేసిన మొదటి బంతికే వికెట్ తీసి, ఆస్ట్రేలియా బౌలర్ లిల్లీ 355 టెస్టు వికెట్ల రికార్డుతో సమానం అయ్యాడు. మా స్టాఫ్‌రూమ్‌లో దీని మీద వారం రోజులు వాదన నడిచింది. ఇప్పుడు మీరు చెప్పే పక్షమే అప్పుడు నాది.

భయపడాల్సింది ఇంకొకటి ఉంది. 2023లో మన దేశంలో నాడా 5,606 శాంపిళ్లు తీస్తే 213 పాజిటివ్ వచ్చాయి. ఎక్కువ టెస్టులు చేసే దేశాల్లో ఇంత శాతం ఇంకెక్కడా లేదు. పోలీసు ఉద్యోగాల సెలక్షన్లు దగ్గరపడితే జిమ్ముల్లో డబ్బాలు, సూదులు ఎలా తిరుగుతాయో నేను కళ్లారా చూశాను. స్టెరాయిడ్ ఎక్కించుకుని పక్కవాడి పతకం లాక్కున్నవాడికి నాలుగేళ్లు వెయ్యండి, నేనూ సంతకం పెడతాను. గంజాయి తాగినవాడు పోగొట్టుకునేది తన ఊపిరి, తన చదువు. ఇద్దరికీ ఒకే శిక్ష అంటేనే నాకు మింగుడు పడదు.

ప్రశ్న: మాస్టారూ, మా ఊళ్లో ఏటా రాష్ట్రస్థాయి ఆహ్వాన కబడ్డీ పోటీలు పెడతాం. ఈసారి మెడికల్ షాపులో దొరికే యూరిన్ కిట్లు కొని ప్రతి ఆటగాడికీ టెస్టు చేద్దామని, దొరికినవాళ్ల పేర్లు మైకులో చదవాలని కమిటీ తీర్మానం చేసింది. మీ సలహా? కమిటీ సభ్యుడు, ముమ్మిడివరం.

జవాబు: మైకు మాట ముందు తీసెయ్యండి బాబూ. ఆ కిట్టు ఉజ్జాయింపుగా చెబుతుంది అంతే. ఇతర మందుల వల్ల కూడా తప్పుగా గీత చూపించొచ్చు. నాడా అయితే ల్యాబులో నిర్ధారిస్తుంది, ఆటగాడు కావాలంటే రెండో సీసా కూడా విప్పించుకోవచ్చు. మీ మైకులో చదివిన పేరుకి రెండో సీసా ఎక్కడుంది? పదిహేడేళ్ల పిల్లాడి పేరు అది, వాళ్లమ్మ అక్కడే కూర్చుని బఠాణీలు తింటూ ఉంటుంది.

ఎవరైనా తూలుతున్నట్టు, కళ్లు ఎర్రబడ్డట్టు కనిపిస్తే రిఫరీ, జట్టు కోచ్ కలిసి పక్కకి తీసుకెళ్లి ఆ మ్యాచ్‌కి కూర్చోబెట్టొచ్చు. కారణం ఎవరికీ చెప్పక్కర్లేదు, కాలు బెణికిందని చెప్పండి. రాత్రి మ్యాచ్‌లు పదిన్నరకల్లా ముగించండి. మీ గ్రౌండు వెనక పంపు షెడ్డు వైపు ఒక లైటు వెయ్యండి, అక్కడ చీకట్లో ఏం జరుగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కిట్లకి అనుకున్న డబ్బు మిగిలితే ఐసు తెప్పించండి. పోయినసారి మీ పోటీల్లో మోకాలు వాచిన కుర్రాడికి పెట్టడానికి సోడా బండి దగ్గర అడుక్కోవాల్సి వచ్చింది. రొయ్యలు కొనేవాళ్ల దగ్గర ఎంతైనా ఐసు దొరుకుతుంది మీకు. కడిగిన డబ్బా చూసుకుని తెచ్చుకోండి, కంపుకి ఆ కుర్రాడు మోకాలి నొప్పి మర్చిపోయేలా ఉండకూడదు.